బండి నిలిచి ఉన్న గంటలు

తొంభైల్లో ఓ మధ్యాహ్నం. ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూములో కూర్చున్నాను. విశాఖ వైపు బండి ఎంతకీ రాదు. ఒళ్ళో పరుచుకున్న కంప్యూటర్ కాగితాలు దిద్దీ దిద్దీ కళ్ళు లాగేస్తున్నాయి. పక్కన ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి వచ్చిన ఒకావిడ. ఆవిడ భుజం మీద తల వాల్చి భర్త నిద్రపోతున్నాడు.

“ఏటి బాబూ, అలా గీతలెట్టి కొట్టేస్తన్నారు?”

“వ్యాగన్ స్ప్రింగు మీద ఎప్పుడెంత బరువు పడిందో వరసగా కంప్యూటర్‌కి ఇవ్వాలమ్మా. ఎన్నాళ్ళకి అలిసి విరుగుతుందో అది లెక్క కడుతుంది. బండి నిలిచి ఉన్న గంటలు అక్కర్లేదు, తీసేస్తున్నాను.”

“అదేటి, ఆగినప్పుడు కోలుకోదా?”

“కోలుకోదమ్మా. ఎంత విశ్రాంతిచ్చినా పడిన దెబ్బ అలాగే ఉంటుంది.”

ఆవిడ భర్త వైపు చూసింది. “వర్క్‌షాపులో సమ్మెట పని ఈయనది. ఒంట్లో సత్తువ లేదు. నెల్లాళ్ళు సెలవెట్టించినాను, మా ఊరు తీసుకెల్తన్నాను” అంది. మెల్లగా అడిగింది.

“మీరు సెప్పింది ఇనుముకే కదా, బాబూ?”

“ఇనుముకేనమ్మా.”

ఆయన నిద్ర చెదరకుండా, బండి వచ్చేదాకా ఆవిడ ఆ భుజం కదపలేదు.

సాఫ్ట్‌వేర్‌లు మారాయి, పని అదే. నిలిచి ఉన్న గంటలు తీసేసే ముందు, ఇనుముకే అని ఇప్పటికీ ఒకసారి అనుకుంటాను.