కేసెట్లో పరిగెత్తిన గొంతు

నా అభిమాన ర్యాపర్ కొత్త ఆల్బమ్‌ని అన్నయ్య తెస్తున్నాడని తెలిసిన శనివారం గుడివాడ కాలేజీ నుంచి బందరు దాకా రైల్లో నిలబడే వచ్చాను. సీటుంది. కూర్చోబుద్ధి కాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఊళ్ళో ఆ అమెరికా మనిషి కోసం చెవి కోసుకునేవాళ్ళం బహుశా మేమిద్దరమే. ఆయన మొదటి ఆల్బమ్‌ని అన్నయ్య స్కూలు రోజుల్లోనే కోనేరు సెంటర్లోని రికార్డింగ్ షాపులో ఖాళీ కేసెట్‌కి ఎక్కించుకొచ్చాడు. ఆ షాపులో ఎక్కిస్తే పాట హుషారుగా వస్తుందని ఊళ్ళో పేరు. సినిమా పాటలకీ అందరూ అక్కడికే ఎగబడేవాళ్ళు. ఆ కేసెట్లో మా వాడి మాటలు పోపులో ఆవాల్లా చిటపటలాడేవి. సగం ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు. ఆ కోపం మాత్రం అర్థమయ్యేది, ఎందుకంటే నాదీ అదే బాపతు.

ఆ వేగానికి సరిపడా తెలుగులో మేమే మాటలు కట్టుకున్నాం. ఒక చరణం నాది, ఒకటి అన్నయ్యది. డాబా మీద చేరి దంచేవాళ్ళం. అన్నయ్య కోడూరు దగ్గర రొయ్యల చెరువుల మీద పనికి కుదిరాక శనివారం వచ్చి సోమవారం వెళ్ళిపోయేవాడు. తన చరణంలో సగం మాటలు మింగేసేవాడు. చివరికొచ్చేసరికి ఊపిరి అందక ఆగిపోయేవాడు. "నీకు దీని మీద మనసు లేదు" అని నేను విరుచుకుపడేదాన్ని. ఆ ఏడాది మా కాలేజీ వార్షికోత్సవంలో పాత విద్యార్థులు కూడా పాడొచ్చన్నారు. అన్నయ్యా అక్కడే చదివాడు కాబట్టి, అడక్కుండానే ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. నాకది ఆఖరి సంవత్సరం. మా అన్నయ్యా నేనూ స్టేజి అదరగొడతామని క్లాసంతా చాటాను. ఇక వెనక్కి తగ్గితే తల ఎత్తుకోలేను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, నాన్నగారు సంఘ పెద్దల మీటింగుకి వెళ్ళగానే, టీవీకి తగిలించిన ప్లేయర్లో సీడీ పెట్టాం. ఆ మనిషి పాటలన్నీ, కొత్తవీ పాతవీ, కలిపి కొట్టిన దొంగ సీడీ అది.

మొదటి పాటకే ప్రాణం ఉసూరుమంది. గొంతు బరువుగా, నెమ్మదిగా ఉంది. అలిసిపోయానంటున్నాడు, కూతుర్ని నిద్రపుచ్చానంటున్నాడు. నాకెందుకయ్యా నీ కూతురి నిద్ర? రెండో పాట బావుంది. బావున్నందుకే ఇంకా ఒళ్ళు మండింది. నన్ను వదిలేసి వెళ్ళినవాడు వెళ్తూ వెళ్తూ మంచిమాట చెప్పినట్టుంది. నాలుగో పాటకి ఏడుపొచ్చింది, ఎందుకో తెలియలేదు.

అన్నయ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"మనమూ ఇలాగే చేద్దామే. నిదానంగా" అన్నాడు.

"ఆయన ముసలాడైపోయాడు. నువ్వూ అలాగే తయారయ్యావు."

"అయితే నన్నొదిలెయ్. నేను స్టేజి ఎక్కను."

బతిమాలాల్సింది పోయి టూ ఇన్ వన్ తెచ్చి పాత కేసెట్ పెట్టాను. "ఇదీ అసలు మనిషంటే. విను" అన్నాను. అన్నయ్య సీడీలో అదే పాత పాట వెతికి, కేసెట్‌ని వెనక్కి తిప్పి, రెండూ ఒకేసారి మొదలుపెట్టాడు.

కేసెట్లో పాట అయిపోయింది. సీడీలో ఇంకా నడుస్తోంది.

సీడీ పాడైందన్నాను. అన్నయ్య మళ్ళీ పెట్టాడు. అదే పాట, అదే నెమ్మది, అదే బరువు గొంతు. టూ ఇన్ వన్ తప్పేమోనని కంపెనీవాళ్ళే ఎక్కించి అమ్మిన భక్తి పాటల కేసెట్ పెట్టి చూశాం. అది సరిగ్గానే ఉంది.

"ఆ షాపులో ఎక్కించే మిషనే నిదానంగా తిరుగుద్ది. అక్కడ నిదానంగా ఎక్కింది మన టూ ఇన్ వన్‌లో మామూలు స్పీడు మీద పెడితే పరిగెడద్ది. ఊరంతా ఇన్నాళ్ళూ ఆ పరుగునే వింటన్నాం" అన్నాడు అన్నయ్య.

నాకు నవ్వు రాలేదు. ఆయన మారలేదు, మొదట్నుంచీ అంతే. నేను ప్రాణం పెట్టిన మనిషి కోనేరు సెంటర్లో తప్ప ఎక్కడా లేడు. కేసెట్ తీసి గోడకేసి కొడదామనిపించింది, చెయ్యి రాలేదు. సోమవారం అన్నయ్య కోడూరు బస్సెక్కాడు. వస్తావా రావా అంటే టికెట్‌కి చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

ఆ వచ్చే శనివారం, వార్షికోత్సవం రోజు, మా పేర్లు పిలిచే దాకా గేటు వైపే చూస్తూ నిలబడ్డాను. పిలిచారు. వెనక దారిన వచ్చాడేమో, స్టేజి మెట్ల దగ్గర అన్నయ్య ఉన్నాడు, ప్యాంటు అంచుకి చెరువు బురద ఎండిపోయి ఉంది.

"ఏ స్పీడు?" అన్నాను.

"నీ వంతు నీ ఇష్టం. నా వంతు నాది."

వెనక వాద్యం ఏమీ లేదు. చప్పట్లతో తాళం నేనే వేయాలి. నా చరణం కేసెట్ వేగంతోనే దంచేశాను. ఈలలు మోగాయి. అన్నయ్య వంతు రాగానే నా చేతులు పట్టుకుని ఆపాడు. ఊపిరి పీల్చుకున్నాడు. హాలు వెనక నుంచి గోల మొదలైంది. నా చేతులు వదలకుండా తనే నెమ్మదిగా ఒక చప్పట కొట్టించి, మొదలుపెట్టాడు.

"చెరువు గట్టున నిలబడి నీళ్ళకి గాలి పెడతన్నా,
రొయ్యకి ఊపిరి పోస్తన్నా,
నాకే ఊపిరాడట్లా చెల్లీ,
నేనిక్కడ ఉండలేకపోతన్నా."

డాబా మీద ఎన్నో ఆదివారాలు నా పక్కనే నిలబడి అన్న మాటలవి. వాటిలో ఏముందో నేను వినడం అదే మొదటిసారి. హాల్లో గోల ఎప్పుడు ఆగిందో గమనించలేదు. ప్రైజు ఎవరికో వచ్చింది, దాని సంగతి పట్టించుకునే స్థితిలో నేను లేను.

"అంత కష్టంగా ఉంటే ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నయ్యా" అన్నాను తిరుగు రైల్లో.

"చెప్తానే ఉన్నాగా. నువ్వే ఇంకా స్పీడు, ఇంకా స్పీడు అన్నావు."

ఆ ఆల్బమ్ మీద నాకు ఇప్పటికీ మనసు పూర్తిగా కుదరలేదు. రెండో పాట మాత్రం వింటాను. ఆ సోమవారం అన్నయ్య కోడూరు బస్సెక్కలేదు. అన్నయ్య ఇక అక్కడ ఉండలేడన్న మాట నాన్నగారితో నేనే చెప్పాను, నిదానంగా.