బరకం కింద గడ్డి

గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో నా పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను కూర్చున్నాడు. రోజు కూడా గుర్తుంది, తుపాను వెలిసాక వచ్చిన రెండో సోమవారం. తడిసిన వరిగడ్డిని ఆరబెట్టకుండానే వామి వేసి, పైన బరకం కప్పేశాడట. లోపల ఉడికి నల్లగా బూజు పట్టిందట. దాన్నే చూడిగేదెకు వేస్తున్నానని గొప్పగా చెప్పాడు.

"బూజుగడ్డి మేపితే ఈనకముందే కడుపు పోతుంది బాబూ," అన్నాను.

"గొడ్డుకేం తెలుస్తుంది మామ్మగారూ! ఆకలేస్తే అదే తింటుంది."

పెడన దగ్గర ఇడ్లీ పొట్లం విప్పాడు. చట్నీ వాసన చూసి, "ఛీ, పాచిపోయింది," అంటూ పొట్లం మొత్తం కిటికీలోంచి విసిరేశాడు.

"అయ్యో, పారేశావేం? ఇంకాస్త ఆకలేస్తే అదే తినేవాడివిగా," అన్నాను.

వెనక సీటువాళ్లు నవ్వారు. అతను ఫోనులో తలదూర్చాడు. బందరులో దిగీ దిగగానే హోటలు ముందు నిలబడి, "ఇడ్లీ వేడిగా ఉందా?" అని అడగడం వినిపించింది.

ఆ గేదె ఈనిందో లేదో నాకు తెలియదు. మా దొడ్లో మాత్రం, గడ్డి వేసేముందు గుప్పెడు తీసి వాసన చూస్తాను. కట్టేసిన గేదెకు విసిరి పారేయడానికి కిటికీ ఉండదు కదా.