వంకర ముక్కుల వంశం

ఒక వంశాన్ని, అది మొదలవకముందే, నేను కూర వండేశాను. అదెలాగో చెబుతాను, నవ్వుకోండి. కానీ మా పెరట్లో కోళ్లకి వినబడేలా నవ్వకండి, వాటికి నా మీద ఇంకా కోపం.

నర్సీపట్నం శివార్లో మా ఇల్లు. అప్పట్లో మా పిల్లల బట్టలూ బడీ అన్నీ కోళ్ల మీదే. ఒక ఏడు కొక్కెర తెగులు వచ్చి మందంతా ఊడ్చేసింది. ముక్కు వంకర పుంజొకటి మాత్రం, పెళ్లి భోజనంలో అప్పడం అందని చుట్టంలా గుర్రుగా నిలబడింది. పొంగిపోయి, కొత్తగా తెచ్చిన పెట్టలన్నిటికీ వాణ్ణే మొగుణ్ణి చేశాను.

కోడిపిల్లల్లో సగం తండ్రి ముక్కుతోనే దిగాయి. మళ్లీ తెగులొచ్చింది. ముక్కు తిన్నగా ఉన్నవి పోయాయి, వంకరవి మిగిలాయి. పోనుపోను పెరడంతా వంకర ముక్కులే. గింజలు పోస్తే ముక్కుని కత్తెరలా ఆడించడమే తప్ప ఒక్కటీ నోట పడేది కాదు. తెగులు వదిలేసినవాటిని ఆకలి ఎండబెట్టి చంపుతోంది.

పశువుల డాక్టరు గారిని అడిగాను. "వంకర ముక్కు వల్లే తెగులు తట్టుకుంటున్నాయాండీ?"

"కాదమ్మా, రెండూ వేరే గుణాలు. కాకపోతే ఒంట్లో పక్కపక్కన ఉన్నాయి. నాతవరం వెళ్లే ఆటోలో ఒకడి ఒళ్లో ఒకడు కూర్చున్నట్టు. మంచోణ్ణి ఎక్కించుకుంటే చెడ్డోడూ వచ్చేస్తాడు."

"మరి ఆణ్ణి దింపలేమాండీ?"

"ఎప్పుడో ఒక పిల్లలో వాళ్లే విడిపోతారు. తిన్నని ముక్కుతో ఉండి, తెగులుకి పడకుండా నిలబడితే, దాన్ని ప్రాణంలా చూసుకో. నీ మందకి అదే దిక్కు."

తలూపాను. తలూపడంలో నేనెప్పుడూ ఫస్టే.

ఎండాకాలం తెగులు మళ్లీ దిగింది. ఆ ఏడు పెరిగిన కోళ్లలో తిన్నని ముక్కులతో పుట్టిన కొద్దిపాటివీ మెడలు వేలాడేసి రాలిపోతున్నాయి. ఒక్క ఎర్ర పెట్ట మాత్రం టకటకా గింజలేరుకుంటూ తిరుగుతోంది. తెగులొస్తే మా వైపు అందరూ చేసేది ఒకటే: కోడి చచ్చేలోగా కూర వండేయడం.

"ఏటే, దాన్నెందుకు పట్టుకున్నావు? బాగానే ఉంది కదా!" అన్నారు మా ఆయన.

"తిన్నని ముక్కుదండీ, రేపటికి పోద్ది. బేగి కత్తి ఇలాగివ్వండి!"

"డాక్టరు గారేదో సెప్పారన్నావు?"

"అది నిలబడే కోడి గురించి. ఇది పడిపోబోయే కోడి!"

సాయంత్రం డాక్టరు గారే గుమ్మం ముందు ఆగారు. "ఏమ్మా, తిన్నని ముక్కుది ఒకటైనా మిగిలిందా?"

మా ఆయన గిన్నెలోకి తొంగి చూశారు. "కాలొకటి మిగిలిందండీ."

అలాంటిది మళ్లీ పుట్టలేదు. ఇప్పటికీ పొద్దున్నే ఒక్కో వంకర ముక్కూ తెరిచి తవుడు ముద్దలు పెడుతున్నాను. ఆ తవుడు చేత్తోనే ఒట్టేస్తున్నాను: నిలబడి గింజలేరుకుంటున్న ప్రాణికి ఇక నేను ముహూర్తం పెట్టను. ఆ పని తెగులుకే వదిలేస్తాను. దానికి నాకంటే ఓపిక ఎక్కువ.