రూపాయి పావలా

రూపాయి బిళ్ళ చేయడం ఆపేయాలా వద్దా అని మొన్న టీ అంగడి దగ్గర గంటసేపు వాదించుకున్నారు. దాని విలువ కంటే దాన్ని అచ్చు కొట్టే ఖర్చే ఎక్కువట. ఎవరూ తీసుకోని బిళ్ళను ఎందుకు చేయాలని ఒకాయన, ఆపేస్తే అంగళ్ళవాళ్ళు ధరలన్నీ పైకే సర్దుతారని ఇంకొకాయన. చివరికి నన్ను అడిగారు. "ఆపుకోండప్పా, నాకేం పోతాది" అని లేచి వచ్చేశాను. పావలాను ఆపేసినప్పుడు కూడా అదే మాట అన్నాను. ఆ పావలా మా అమ్మను ఏం చేసిందో వాళ్ళకు చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఇక్కడ చెప్తాను.

మా అన్న ఎర్రగుంట్లలో లారీలకు సిమెంటు బస్తాలు ఎత్తే పని చేసేవాడు. ముందు దగ్గు అన్నాడు. తర్వాత నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం అన్నాడు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకొచ్చేసరికి ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి. మందులు పనిచేస్తే చేసినట్టు, ఇంక మా చేతుల్లో ఏమీ లేదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట నేను వదినకు చెప్పలేదు, అమ్మకూ చెప్పలేదు. అమ్మకు తెలియకుండా ఉంటుందా? ఆ సాయంత్రమే వరండాలో చాప మీద కూర్చుని కొంగు చించి, పసుపు రాసి ఆరబెట్టింది.

మా ఇంట్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా అమ్మ ముడుపు కడుతుంది. పసుపు గుడ్డలో రూపాయి పావలా మూటగట్టి, ఇంటి దేవరకు మొక్కుకుని మంచం కోడుకు కట్టడం, మనిషి లేచి తిరిగాక దాన్ని గుడికి చేర్చడం. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే కట్టింది, నేను లేచాను. ఆమెకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"రూపాయి ఉండాది. పావలా ఇయ్యిరా" అంది.

"పావలా యాడుందిమా? అది చెల్లక శానా ఏండ్లాయ."

"చెల్లకపోతే మానె. నేనేమన్నా కొనేకి అడుగుతాండానా?"

ఆసుపత్రి ఎదురుగా ఊదుబత్తులు, పూలు అమ్మే ముసలి సాయిబు అంగడికి నన్ను లాక్కుపోయింది. ఆయన గల్లాపెట్టె అంతా గెలికి చూశాడు, పాపం. "మా ఫాతెహా చదివింపులకు గూడా సవా రూపాయే, అంటే రూపాయి పావలానే ఉండెమ్మా. ఇప్పుడు ఐదు పెడతాండాం. అల్లా ఏమీ అనలేదు" అన్నాడు. "మీ దేవుడు సర్దుకున్నాడేమోలేప్పా, మా దేవర మొండిది" అంది అమ్మ. ఆయన నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రోడ్డు మీదే నోరు పారేసుకున్నాను. అక్కడ అన్న ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఈమెకు పావలా కావాల్సి వచ్చిందని ఒళ్ళు మండిపోయింది. జేబులోంచి రెండు రూపాయల బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇది కట్టుమా. దేవర చిల్లర ఎంచుకుంటా కూర్చుంటాదా?"

అమ్మ ఆ బిళ్ళను వెనక్కి ఇచ్చేసింది. "రెండంటే లెక్క తీరిపోతాది. ఇంకా మిగిలుండాదని చెప్పేకే గదా పైన పావలా. మీ అన్నకు లెక్క తీరిపోవాల్నా?"

నాకు ఇంకా కోపం వచ్చింది. "నీ చాదస్తం నీది" అని వార్డులోకి వెళ్ళిపోయాను.

తెల్లారి చూస్తే చాప మీద అమ్మ లేదు. కోయిలకుంట్లలో వాళ్ళ అక్క, అదే మా పెద్దమ్మ దేవుని గూట్లో, కుంకుమ భరిణెలో పావలా ఒకటి ఉండాలని రాత్రి గుర్తొచ్చిందట. వదినతో ఒక మాట చెప్పి తొలి బస్సుకే వెళ్ళిపోయింది. ఫోను వాడడం ఆమెకు ఏనాడూ అలవాటు కాలేదు.

పొద్దెక్కాక అన్న కళ్ళు తెరిచాడు. "అమ్మ యాడ?" అన్నాడు.

"పావలా కోసం కోయిలకుంట్లకు పోయింది."

వాడికి ముడుపు సంగతి వెంటనే అర్థమైంది. "పావలా తెచ్చేకి బస్సుకెంత పెట్టిందో" అని నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు ఆగలేదు. నర్సులు పరిగెత్తుకొచ్చారు. మధ్యలో ఒక్కసారి తేరుకుని మళ్ళీ అమ్మ వచ్చిందా అని అడిగాడు. వస్తాంది అన్నాను. మధ్యాహ్నం దాటకముందే పోయాడు.

పెద్దమ్మకు ఫోను చేశాను. నేను నోరు తెరవకముందే ఆమె అందుకుంది. "మీయమ్మ బస్సెక్కి గంటయిందిరా. పావలా దొరికింది. శానా సంతోషంగా పోయింది." ఏమీ చెప్పకుండా ఫోను పెట్టేశాను. మా అమ్మ ఎక్కడో నంద్యాల దగ్గర బస్సులో కిటికీ పక్కన కొంగు ముడి పట్టుకుని వస్తూ ఉంటుంది. ఆమెకు కొడుకు ఇంకా బతికే ఉన్నాడు. ఆ బస్సు ఎప్పటికీ రాకపోతే బాగుండుననిపించింది.

పావలాను ఆపడం తప్పని ఇప్పటికీ అనను. చెల్లని కాసును ఏ దేశం మోస్తుంది? ముడుపు కట్టి ఉంటే అన్న బతికేవాడనీ అనను, అంత నమ్మకం నాకు లేదు, ఉంటే బాగుండేది. ఆ పావలా సాయిబు గల్లాపెట్టెలోనే దొరికి ఉంటే అమ్మ ఆ మధ్యాహ్నం వాడి తల దగ్గర కూర్చుని ఉండేది. అంతే నాకు తెలిసింది. ఆ అంతేతోనే నేను బతకాలి.

అన్నను చూసిపోదామని పొద్దున్నే బయల్దేరిన బంధువులు ఎర్రగుంట్ల నుంచి దిగారు. శవాన్ని స్ట్రెచర్ మీద వరండాలోకి తెచ్చారు. నుదుట పెట్టాలి, రూపాయి ఉందా అని ఎవరో అడిగారు. ఒక్కసారి అడిగితే నలుగురు జేబుల్లో చేతులు పెట్టారు. కుంకుమ తడిపి, రూపాయి బిళ్ళను అన్న నుదుటికి అంటించారు. వదిన గోడకు తల ఆనించి కూర్చుంది.

పొద్దుగూకే వేళకు అమ్మ గేటు దాటి వచ్చింది. జనాన్ని చూసింది, వదినను చూసింది. ఏడవలేదు. నేరుగా వెళ్ళి అన్న పక్కన నిలబడి, వాడి నుదుటి మీది రూపాయిని చాలాసేపు చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి పావలా తీసి, కుంకుమలో అద్ది, రూపాయి పక్కనే ఒత్తిపెట్టింది. అది జారింది. మళ్ళీ పెట్టి వేలితో పట్టుకుంది.

"రాక్కా, బండొచ్చింది, పోదాం" అన్నాడు బంధువుల్లో ఒకాయన.

"ఉండప్పా, ఇప్పుడే గదా పెట్టినా" అంది అమ్మ, కొడుకు మూసిన కళ్ళ వైపే చూస్తూ.