నాలుగు కోర్ల కోసం ఆగిన పెళ్లి సీడీ

ఆ రోజుల్లో తెలివైనవాడంటే చూడగానే కొనేసేవాడు కాదు, ఆగేవాడు. కనీసం నేనలా అనుకునేవాణ్ణి. ఏలూరులో పెళ్లి వీడియోలు కూర్చి సీడీలు చేసే చిన్న గది మాది (మాదంటే, పెట్టుబడి మావయ్యది, పెత్తనం నాది). కంప్యూటరు ప్రాసెసరులో కోరంటే లోపల కూర్చుని పనిచేసే మనిషనుకోండి. మా దాంట్లో ఉన్నది ఒక్కడే. సరిగ్గా తాళి కట్టే దగ్గరికి వచ్చేసరికి వాడు బిగుసుకుపోయేవాడు, తెర మీద పెళ్లికొడుకు నేను భోంచేసి వచ్చేదాకా తాళి పట్టుకుని అలాగే వంగి ఉండేవాడు. తాడేపల్లిగూడెం షాపులోకి రెండు కోర్లది అప్పటికే వచ్చింది. నాలుగు కోర్లది రాబోతోందని చదివి, నేను కొనకుండా కూర్చున్నాను. కొల్లేటి పక్కన చేపల చెరువులున్న మావయ్య కూడా అదే మాటన్నాడు. "ఆగరా. తొందరపడి చేపల పట్టుబడి చేస్తే ఏం లాభం? ఇంకొన్నాళ్లు మేపితే చేప బరువెక్కుద్ది." ప్రాసెసరుకి మేత ఎవరేస్తారని నేను అడగలేదు. ఆగమన్నాడు, నాకదే చాలు.

ఈ ఆగడంలోనే కొల్లేటికోట పెద్దాయన ఒకరు వాళ్లమ్మాయి పెళ్లి వీడియో పని మాకిచ్చారు. ఆ సీడీ బాగుంటే చుట్టుపక్కల లంక ఊళ్లల్లో పెళ్లిళ్లన్నీ మావే. చెడితే గదికి తాళం, నాకు చెరువు గట్టు మీద కాపలా అని మావయ్య ముందే తేల్చేశాడు. నాలుగు కోర్లది రాగానే దివ్యంగా చేసిద్దామనుకున్నాను. పెద్దాయన ఫోన్ చేసినప్పుడల్లా "మిక్సింగులో ఉందండీ" అనేవాణ్ణి. నాలుగు కోర్లది రానే వచ్చింది. ఈలోగా ఆరు కోర్లది వస్తుందన్నారు. మళ్లీ ఆగాను. కొన్నాళ్లకి పెద్దాయన ఫోన్లు కూడా ఆగిపోయాయి, దాంతో నాకు నిద్ర కరువైంది.

ఒక మధ్యాహ్నం ఆయన ఏకంగా గదికే వచ్చారు. గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్న నేను నాకే కనిపించాను.

"ఏవండీ బాబూ, వచ్చే వారం మనవడి బారసాలండీ. వీడియోకి మీరే రావాలి."

"పెళ్లి సీడీ ఇంకా..." అని నీళ్లు నమిలాను.

"ఇవ్వలేదు కదా! మంచి పని చేశారండీ," అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పెళ్లి విందులో చేప తలకాయ తనకి వెయ్యలేదని వియ్యంకుడి తమ్ముడు అలిగి విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడట. మా కెమెరా ఆ గొడవంతా పట్టింది. "అప్పుడే ఇచ్చుంటే ఎవరేవన్నారో మళ్లీ మళ్లీ వేసుకుని చూసి, ఇంకా కొట్టుకునేవారండీ. పిల్లాడు పుట్టాక అందరూ కలిసిపోయారు. బారసాలలో వేద్దామండీ, నవ్వుకుంటారు."

అమ్మయ్య! ఒళ్లంతా తేలికైపోయింది. ఆ సాయంత్రమే రైలెక్కి గూడెం వెళ్లి, షాపులో ఎన్ని కోర్లది ఉంటే అదే ఇమ్మన్నాను. బారసాలలో అందరికంటే గట్టిగా నవ్వింది ఆ అలిగినాయనే, చేప తలకాయ తింటూ. ఆ తర్వాత లంకల పెళ్లిళ్లు మమ్మల్ని ఊపిరి పీల్చుకోనివ్వలేదు.

మొన్న కొత్త కంప్యూటరు కొందామని కూర్చుని, ఇంకా మంచిది వస్తోందని తెలిసి ఆగాను. ఈ కథంతా నా నోట ఎన్నోసార్లు విన్న మా ఆవిడ తొంగిచూసి, "ఈసారి ఎవరింట్లో అలక చల్లారాలండీ?" అంది. ఆ గదిలో నీళ్లు నమిలిన కుర్రాడు గుర్తొచ్చి ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. కంప్యూటరు మాత్రం ఇంకా కొనలేదు.