గేటుదాకా మేస్త్రీ

ఆ ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి పాస్టరుగారు ప్రార్థన కోసం మోకరించారు. పది గంటల ఇరవై ఒక్క నిమిషానికి ఆయన మోకాళ్ళ కింద మెత్త పిగిలింది. దూది పైకి లేచింది. గోడకున్న ఫ్యాను ఎవరికీ అన్యాయం జరక్కుండా దాన్ని మొదటి మూడు వరసలకీ పంచింది. పాస్టరుగారు "ప్రభువా" అని మొదలుపెట్టి తుమ్మారు. మళ్ళీ "ప్రభువా" అన్నారు, మళ్ళీ తుమ్మారు. మొత్తం పదకొండు. అందరం కళ్ళు మూసుకుని ఉన్నాం కాబట్టి ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని ఒకరిద్దరు ప్రతి తుమ్ముకీ "ఆమెన్" అన్నారు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి.

ఆ మెత్త కుట్టింది మా బాబాయి. తన చేతిపని గాల్లో ఎగరడం ఆయన చూడలేదు, ఎందుకంటే ఆయన లోపల లేడు. ప్రతి ఆదివారం లాగే మా పిన్నిని ప్రార్థన మందిరం గేటు దాకా దిగబెట్టి, రోడ్డుకి అవతల మూసున్న టైర్ల దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. లోపల పాట మొదలైతే ఆయన కాలు ఆడుతుంది. ప్రార్థన మొదలైతే కాలు ఆగుతుంది. అంతా అయ్యాక లేచొచ్చి, గేటు దగ్గర పిన్ని చేతిలోంచి సంచీ అందుకుని ఇంటికి తీసుకెళతాడు. అంతకుముందు లోపలికి వెళ్ళేవాడే, పదిహేడేళ్ళుగా మాత్రం ఇదే వరస. గేటు దాటి ఒక్క అడుగు వేసిన పాపాన పోలేదు. అందుకే ఆయనకి "గేటుదాకా మేస్త్రీ" అని పేరు పడింది. ఎదురుగా అనేవాళ్ళూ ఉన్నారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

బాబాయిది పరుపులు, దిండ్లు, కుర్చీల సీట్లు కుట్టే పని. మందిరంలో మోకరించడానికి ఒక్కొక్కరికీ ఒక్కో మెత్త ఉంటుంది. అన్నీ ఆయన కుట్టినవే. ప్రతి మెత్త అడుగునా ఎర్రదారంతో ఒక నంబరు. ఏడాదికోసారి ఎండలు ముదిరినప్పుడు అవన్నీ తోపుడుబండి మీద ఆయన కొట్టుకి వస్తాయి. విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి, దబ్బనంతో కుట్టి పంపుతాడు. విప్పేముందు మాత్రం ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో తడిమి చూస్తాడు. డాక్టరు నాడి చూసినట్టు.

"ఇదెవరిదో గానీ, మోకరించినట్టు నటించి మడమల మీద కూర్చుంటున్నాడురా. వెనకవైపే అణిగింది చూడు."

"ఇది బడిపంతులమ్మది. కుడి మోకాలి మీదే వాలుతోంది. నడుం నొప్పి మళ్ళీ తిరగబెట్టుంటుంది."

ఒకసారి ఒక మెత్తని మళ్ళీ మళ్ళీ తడిమాడు. రెండు గుంటలూ సమంగా, లోతుగా ఉన్నాయి. "ఈవిడ ఈ ఏడు చాలా అడిగిందిరా" అని, దాన్లో రెండు గుప్పెళ్ళ దూది ఎక్కువ కూరాడు. నా మెత్త గురించి కూడా చెప్పాడు. "నీదాని మీద పడింది మోకాళ్ళ ముద్ర కాదురా" అన్నాడు. అంతకంటే వివరంగా రాయడం నాకిష్టం లేదు.

ఇంతమంది మోకాళ్ళ కింద మెత్తగా ఉండాలని తాపత్రయపడే మనిషి తను మాత్రం ఎందుకు లోపలికి రాడని అడిగితే రోజుకో సాకు చెప్పేవాడు. మోకాళ్ళ నొప్పులనేవాడు. జనంలో గాలాడదనేవాడు. అసలు కారణం నాకొక్కడికే చెప్పాడు, అదీ ముక్కుకి గుడ్డ కట్టుకుని దూది ఏకుతూ, నాకు సరిగ్గా వినబడదన్న ధైర్యంతో.

పదిహేడేళ్ళ కిందట పిన్నికి కడుపులో గడ్డ తీశారు. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. బాబాయి ఆస్పత్రి మెట్ల కింద మోకరించి, "మా ఆవిణ్ణి బతికించు, జన్మలో చుక్క ముట్టను" అని దేవుడికి మాటిచ్చాడు. పిన్ని బతికింది. బతకడమేమిటి, లేచి కూర్చుని ఆస్పత్రి దుప్పటి కుట్లు బాగాలేవని వంక పెట్టింది. ఎనిమిదో రోజున ఇంటికి తీసుకొచ్చాడు. ఆ సంతోషం పట్టలేక, ఆ సాయంత్రమే, మాటిచ్చిన సంగతి గుర్తుండగానే వెళ్ళి పూటుగా తాగాడు. ఆ తరవాత నాలుగేళ్ళు తాగుతూనే ఉన్నాడు. పిన్ని చేత తిట్లు తిని తిని, చివరికి ఒకనాడు మానేశాడు. తాగుడైతే మానాడు గానీ సిగ్గు మానలేదు.

"కావలసింది పుచ్చుకుని మాట ఎగ్గొట్టిన వాణ్ణిరా. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళను? నాకా తలుపు మూసేశారు."

"ఎవరు మూశారు బాబాయ్? ఆ తలుపుకి గొళ్ళెం కూడా పడదు."

"ఇక్కణ్ణుంచి కాదురా. పైనుంచి" అని దూది అంటిన వేలు పైకి చూపించాడు. తరవాత అదే వేలు నావైపు తిప్పాడు. "మీ పిన్నికి చెప్పావో, నీ కుర్చీలో మేకులు తిరగేసి కొడతాను."

ఈ బాధలో ఆయనకి దొరికిన ఓదార్పు ఒక్కటే, పాస్టరుగారి మెత్త. ఏటా బండి మీద వచ్చేది, ఏటా కొత్తదానిలా ఉండేది. చిన్న గుంటైనా లేదు. "చూశావా, ఏడాదంతా మోకాలు ఆన్చలేదు. ఆయనకే పైవాడితో మాటల్లేవు, ఇంక నాకెక్కడుంటాయి!" అని నిట్టూర్చి, బయట ఎవరికీ పొక్కనివ్వకుండా దాన్ని దులిపి, విప్పకుండానే తిరిగి పంపేసేవాడు. వాడినా వాడకపోయినా దారం చివుకుతుందన్న ముక్క అంత పనిమంతుడికీ తట్టలేదు. మనిషి మీద తీర్పు చెప్పేశాక ఇక కుట్టు ఎవరు చూస్తారు?

సోమవారం ఉదయం నేను కొట్లోనే ఉన్నాను, సీటు కుంగిన కుర్చీ ఒకటి పట్టుకొచ్చి. కుడికాలు కొంచెం ఈడుస్తూ పాస్టరుగారు వచ్చారు. చంకలో రెండు మెత్తలు. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది. బాబాయి తేలు కుట్టిన దొంగలా లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనండి, అయ్యగారూ. దారం చూసుకోలేదు."

"దానికేముందయ్యా, చాలాకాలం తరవాత అంతమంది మెలకువగా ఉన్నారు" అన్నారు పాస్టరుగారు. "ఇదిగో, దీని సంగతి చూడు. పైకప్పు కారి తడిసింది. మొన్న డాబా మీద ఆరేశారు. నేనెప్పుడూ మోకరించేది దీని మీదే. ఇది చేతికందకే నిన్న ఆ పిగిలినదాని మీద వాలాను."

బాబాయి ఆ రెండో మెత్త అందుకున్నాడు. అలవాటు కొద్దీ ఒళ్ళో పెట్టుకుని తడిమాడు. చెయ్యి ఆగిపోయింది. ఎడమవైపు గుంట దాదాపు అడుగు గుడ్డ దాకా దిగిపోయింది. కుడివైపు అంత లేదు.

"ఇంత లోతు ఒక ఏడాదిలో పడదండి" అని గొణిగాడు. "ఈ మెత్త నా దగ్గరికి ఎప్పుడూ రాలేదే?"

"నేనే పంపనివ్వలేదు."

బాబాయి మెత్త తిరగేశాడు. అడుగున, వెలిసిపోయి గులాబీ రంగుకి దిగిన ఎర్రదారంతో, ఒకటో నంబరు. అందరికంటే ముందు, తన కోసం తను కుట్టుకున్న మెత్త. ఎప్పుడో పారేసి ఉంటారనుకున్నది.

కొట్లో ఏకిన దూది కూడా ఊపిరి బిగబట్టినట్టయింది. బాబాయి మెత్తని నేల మీద పెట్టి, గొంతు సవరించుకుని, "ఒక్కసారి మోకరించండి" అన్నాడు. పనిమంతుడు కదా, చేత్తో చూసింది కంటితో చూస్తే తప్ప నమ్మడు. పాస్టరుగారు కిమ్మనకుండా మోకరించారు. పాత చెప్పులోకి కాలు దూరినట్టు ఆయన రెండు మోకాళ్ళూ ఆ రెండు గుంటల్లో కుదురుకున్నాయి.

సరిగ్గా అప్పుడే అన్నం క్యారేజీతో మా పిన్ని వచ్చింది. కొట్టు మధ్యలో పాస్టరుగారు మోకాళ్ళ మీద ఉన్నారు. ఎదురుగా మా బాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అయ్యో అయ్యో! ఏమయ్యా, ఇదేం పోయేకాలం! ఆయన చేత మోకాళ్ళు వేయిస్తావా? నిన్న తుమ్మించింది చాలలేదూ?"

"ఉండవే. ఇది నా మెత్తే."

"నీదే. నాకు తెలీదా?"

"నీకు తెలుసా!"

"ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాను" అంది పిన్ని. ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఉంచడం ఆవిడ అలవాటు, పొయ్యి మీద పాలు పెట్టినవాళ్ళలా.

"మరి పదిహేడేళ్ళుగా ఒక్క ముక్క చెప్పలేదేం?"

"అడిగావా? గేటు దాకా వచ్చేవాడివి. లోపల ఏముందని ఒక్కనాడైనా అడిగావా?"

పాస్టరుగారు కింద నుంచే అన్నారు: "నీ చోటు ఖాళీగా ఉంటే నాకు బాగోలేదయ్యా మేస్త్రీ. నువ్వొచ్చేదాకా నేను అట్టేపెడదామనుకున్నాను. నువ్వు ఇంత తాపీగా వస్తావని నాకేం తెలుసు?"

అంతే, బాబాయి కూలబడ్డాడు, అదీ నా కుర్చీ మీద. సీటు ఇంకో జానెడు కుంగింది. ఆస్పత్రి మెట్లూ, ఇచ్చిన మాటా, ఎనిమిదో రోజూ, అన్నీ కక్కేశాడు. పిన్ని విని, క్యారేజీ కింద పెట్టింది.

"ఎనిమిదో రోజా? ఆవేళ పన్ను నొప్పికి మందు పుక్కిలించానన్నావు!"

"పుక్కిలించాను. ఉమ్మలేదు."

పాస్టరుగారికి నవ్వొచ్చింది. మళ్ళీ తుమ్ము వస్తుందేమోనని ముక్కు పట్టుకుని, అది దాటాక అన్నారు: "నువ్విచ్చిన మాట చూసి ఆయన మీ ఆవిణ్ణి బతికించాడనుకున్నావా? పిచ్చివాడా! ఎనిమిదో రోజున తప్పుతావని ఆయనకి ముందే తెలుసు. తెలిసే బతికించాడు."

బాబాయి దీన్ని ఒకసారి లోపల తిప్పి చూసుకున్నాడు, కొత్త గుడ్డ ఏవైపు మంచిదో చూసినట్టు.

"అయితే, నా మీద కోపం లేదంటారా?"

"కోపమే ఉంటే, నేను మోకరించిన ప్రతిసారీ నిన్నే ఎందుకు గుర్తుచేస్తాడు? అదేదో నా మంచితనం అనుకునేవు. నాకంత జ్ఞాపకం లేదు నాయనా, మొన్న మా పెళ్ళిరోజే మరిచిపోయి చీవాట్లు తిన్నాను. ఒకటి రెండుసార్లు నిన్ను వదిలేద్దామని కూడా చూశాను. ఆయన వదలనిస్తేగా! నువ్వు టైర్ల కొట్టు మెట్ల మీద కూర్చుని తలుపు మూసేశారనుకుంటున్నావు. ఆయన నా మోకాలు అరగదీసి మరీ నిన్ను పిలుస్తున్నాడు."

బాబాయి పక్కనున్న దూది కుప్పలోంచి కొంచెం పీకి కళ్ళు తుడుచుకున్నాడు. దాంతో రెప్పలకి దూది అంటుకుని, తాత వేషం వేసినవాడిలా తయారయ్యాడు. పిన్ని కొంగుతో తుడుస్తూ, "పదిహేడేళ్ళు! నాతో చెప్తే పదిహేడు నిమిషాల్లో తిట్టి తేల్చేసేదాన్ని కదయ్యా" అంది. ఆవిడ గొంతు మాత్రం తిట్టేవాళ్ళ గొంతులా లేదు.

"అదంతా తరవాత" అన్నారు పాస్టరుగారు. "ముందు నన్ను లేపండి, మీకు పుణ్యముంటుంది. కుడికాలు తిమ్మిరెక్కింది."

మరుసటి ఆదివారం నేను కావాలనే పావుగంట ముందుగా వెళ్ళి గేటు దగ్గర చెట్టు చాటున నిలబడ్డాను. ఇద్దరూ వచ్చారు. బాబాయి చంకలో ఒకటో నంబరు మెత్త ఉంది. పైగుడ్డ కొత్తది వేశాడు గానీ, దూది ఏకలేదట, గుంటలు అలాగే ఉంచాడట. గేటు దగ్గర పిన్ని ఎప్పటిలా ఆగలేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు. తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది. అలా వెళ్ళడానికి ఆవిడ ఎంత ఓర్చుకుందో ఆ వీపు చూస్తేనే తెలిసింది.

బాబాయి గేటు పట్టుకుని నిలబడ్డాడు. టైర్ల కొట్టు మెట్ల వైపు ఒకసారి చూశాడు. మెత్తని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు. లోపల పాట ఎత్తుకున్నారు. కాలు ఆడటం మొదలైంది. ఆడే కాలు ఎంతసేపని గేటు ఇవతల ఉంటుంది? మొదట అదే దాటింది, వెనకాల మనిషి దాటాడు.

లోపల ఎవరూ తిరిగి చూడలేదు. పాస్టరుగారు ముందే గట్టిగా చెప్పి ఉంచారు. కానీ చూడొద్దంటే మెడలు నొప్పి పుడతాయి కదా, ఆ రోజు మందిరంలో అందరూ మెడలు రుద్దుకుంటూనే ఉన్నారు. బాబాయి తన చోట మెత్త వేసుకుని మోకరించాడు. గుంటలు పాస్టరుగారి మోకాళ్ళవి, పాపం ఈయన ఒకపక్కకి ఒరిగి ఉన్నాడు. సరిచేసుకోవాలని చూడలేదు. ఏం చెప్పుకున్నాడో తెలియదు గానీ చాలాసేపు చెప్పుకున్నాడు. లేచి బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆ మొహంలో, ఎన్నాళ్ళనుంచో బిగించి కట్టిన పురికొస ఎవరో తెంపినట్టు, ఒక సుఖం కనిపించింది.

పాస్టరుగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. తప్పిపోయిన వాళ్ళని దేవుడు ఎంత ప్రేమగా వెతుక్కుంటాడన్నది ఆనాటి విషయం. ఎవరి కోసం తయారుచేసుకొచ్చారో పసిపిల్లలకి కూడా తెలుసు. మొదటి పది నిమిషాలు బాగానే జరిగింది. పదకొండో నిమిషంలో నాలుగో వరసలోంచి గురక వినిపించింది. మొదట సన్నగా, తరవాత దూది ఏకే యంత్రంలా. పిన్ని మోచేత్తో పొడిచింది. చీర చెంగు లాగినట్టు చొక్కా లాగింది. గిల్లింది. ఆయన ఆవిడ భుజం మీదికి ఒరిగి, ఇంకాస్త హాయిగా సాగించాడు. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, మిగతా వాక్యమంతా నెమ్మదిగా చెప్పారు.

అంతా అయ్యాక, గేటు దాటుతూనే పిన్ని అందుకుంది.

"ఇన్నేళ్ళకి లోపలికొచ్చి, వచ్చిన రోజే గురకా! నా పరువు గంగలో కలిపావు. దేవుడి ముందు, నలుగురి మధ్య, ఒళ్ళు తెలీకుండా అలా ఎక్కడైనా పడుకుంటారుటయ్యా?"

బాబాయి ఆవిడ చేతిలోంచి సంచీ అందుకున్నాడు.

"సొంతింట్లో అయితే పడుకుంటారే!"