బాగున్న టీవీని నేనే చంపాను

ఈ రోజు తిరుత్తణిలో ఒక నేతగాళ్ళ ఇంటికి టీవీ రిపేరుకు వెళ్ళాను. మూడు రోజులుగా ఆన్ కావడం లేదట. దాని ముందే కూర్చుని ఆ ఇంటి పెద్దావిడ రాట్నం మీద మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. స్టెబిలైజర్ విప్పి చూస్తే ఫ్యూజు కాలిపోలేదు, అసలు లేనే లేదు. మగ్గం నేస్తున్న కొడుకు లేచి నన్ను వాకిట్లోకి పిలిచాడు. ఫ్యూజు జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు.

"నేనే పీకేసినానన్నా. టీవీ ఉంటే అమ్మకు పని సాగదు. చెడిపోయిందని నేను చెప్తే నమ్మదు, నువ్వు చెప్పు."

లోపలికి వచ్చి, టీవీ బోర్డు పోయిందని పెద్దావిడతో చెప్పాను.

"బొమ్మ రాకపోతే పోనీలే నాయనా. నాకు కండ్లు సరిగ్గా యాడ కనపడతాయి? మాటలు ఇనపడేట్టు చెయ్యి, చాలు."

అడుగుతున్నంతసేపూ ఆమె చెయ్యి రాట్నం తిప్పుతూనే ఉంది.

"మాటలు కూడా రావమ్మా," అన్నాను.

కొడుకు టీ ఇప్పించాడు, తాగాను. కస్టమర్లంతా అబద్ధాలకోర్లని రోజూ ఈ గ్రూపులో ఏడుస్తుంటాను కదా, ఈ రోజు నన్ను తిట్టండి. ఆ ఫ్యూజు ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది.